స్పందన వేరు, రక్షణ వేరు: హెచ్.ఐ.వి. టీకా పరిశోధన చరిత్ర

1984 ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్యశాఖ కార్యదర్శి మార్గరెట్ హెక్లర్ ఎయిడ్స్ కారక వైరస్‌ను కనుగొన్నట్లు ప్రకటించారు. సుమారు రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందని కూడా ఆశాభావం వ్యక్తం చేశారు. నలభై ఏళ్లు గడిచినా టీకా రాలేదు. ఇందుకు కారణాలను అర్థం చేసుకోవాలంటే, టీకా పొందినవారి వ్యాధినిరోధక వ్యవస్థ ఎలా స్పందించిందో పరిశీలించాలి.

తొలితరం టీకాలను వైరస్ పైపొరలోని జీపీ120 ప్రోటీన్‌తో తయారుచేశారు. వాక్స్‌జెన్ సంస్థ పరీక్షల ఫలితాలు 2003లో వెలువడ్డాయి. టీకా పొందినవారిలో ప్రతిరక్షకాలు ఏర్పడ్డాయి కాని, నిరంతరం రూపం మార్చుకునే వైరస్‌ను అవి అడ్డుకోలేకపోయాయి.

తరువాత మెర్క్ సంస్థ టి-కణాలను ప్రేరేపించే టీకాను రూపొందించింది. దానిపై జరిగిన 'స్టెప్' పరీక్షను 2007లో నిలిపివేశారు. టి-కణాలు స్పందించినా రక్షణ లభించలేదు. పైగా, టీకాలో వాహకంగా వాడిన అడినోవైరస్‌కు ముందే ప్రతిరక్షకాలు ఉన్న పురుషులలో, టీకా పొందినవారికే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా సోకాయి. స్వచ్ఛంద సేవకులు ఎంతటి ముప్పును భరిస్తారో ఈ ఉదంతం తెలుపుతుంది.

2009లో థాయిలాండ్ నుంచి భిన్నమైన ఫలితం వచ్చింది. 16,402 మందిపై జరిగిన ఆర్‌వి144 పరీక్షలో రెండు టీకాలను కలిపి ఇవ్వగా 31.2 శాతం రక్షణ కనిపించింది. ఆ రక్షణ ఎలా వచ్చింది? టీకా పొందినా వ్యాధి సోకిన 41 మంది రక్త నమూనాలను, సోకని 205 మంది నమూనాలతో శాస్త్రవేత్తలు పోల్చారు. వైరస్ పైపొరలోని వి1వి2 భాగాన్ని గుర్తించే ఐజీజీ ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నవారికి ఇన్ఫెక్షన్ ముప్పు తక్కువని 2012లో వెల్లడించారు.

అయితే ఇది సహసంబంధం మాత్రమే. కార్యకారణ సంబంధమని రుజువు కాలేదు. ఈ పద్ధతినే దక్షిణాఫ్రికాలోని వైరస్ రకానికి అనుగుణంగా మార్చి, 5,404 మందిపై 2016 నుంచి పరీక్షించారు. 2020 ఆరంభంలో జరిపిన మధ్యంతర సమీక్షలో టీకా పొందినవారిలో 129 మందికి, మందులేని సూది పొందినవారిలో 123 మందికి వ్యాధి సోకినట్లు తేలింది. టీకాలు వేయడం ఆపివేశారు.

కాబట్టి శరీరం స్పందించిందంటే రక్షణ కలిగిందని అర్థం కాదు. ఏ స్పందన రక్షిస్తుందో ప్రయోగశాల సూచించగలదు. దానిని నిర్ధారించేది జనసమూహంపై జరిగే పరీక్షే. విఫలమైన పరీక్షలలో పాల్గొన్నవారు ఇచ్చిన రక్తమే తరువాతి పరిశోధనకు ఆధారమైంది. ఈ చరిత్రలో శాస్త్రవేత్తలతో పాటు వారికీ స్థానం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఆర్‌వి144 విశ్లేషణలో సహసంబంధానికీ కారణానికీ గల భేదాన్ని వివరించండి.