దత్తమండలము - రాయలసీమ: ఒక నామవిచారము

ఒక సీమకు పేరిడు నధికార మెవరిది? ఏలువారిదా, అచట నివసించు జనులదా? ఈ ప్రశ్నకు రాయలసీమ చరిత్రమున మంచి యుదాహరణము కలదు.

1800 సంవత్సరమున హైదరాబాదు నిజాము, తనకడ నుంచబడిన యాంగ్లసైన్యపు వ్యయమునకై, బళ్ళారి, కడప మొదలగు ప్రాంతములను ఈస్టిండియా కంపెనీవారి కిచ్చివేసెను. అప్పటినుండి వానికి 'దత్తమండల'మను పేరు కలిగెను. ఈ 'దత్త' శబ్దమును పండితులు పరికింపవలెను. అది కర్మార్థమున క్తప్రత్యయాంతము. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నది కంపెనీ, ఈయబడినది భూమి. ఆ భూమిని దున్నుకొని బ్రతుకు జనులకు ఆ వాక్యమున నే కారకత్వమును లేదు.

మదనపల్లె చెంతనున్న కురబలకోట పేరును దీనితో పోల్చి చూడుడు. కురబలనగా గొఱ్ఱెలమేపి జీవించు జాతివారు. ఆ గ్రామనామమున జనులే ముందు నిలిచిరి. పల్లెకు గల యీ గౌరవము మండలమునకు లేకపోయెను.

1928 నవంబరున నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినపుడు దత్తమండలమువారు ప్రత్యేకముగ సమావేశమై, పాతపేరును విడిచి 'రాయలసీమ' యను పేరును గ్రహించిరి. దానిని సూచించినవారు అనంతపురము కళాశాలలో నధ్యాపకులైన చిలుకూరి నారాయణరావుగారు.

విజయనగర రాయల యేలుబడి యీ జిల్లాలకు మాత్రమే పరిమితము కాదు గాన నీ పేరున కతివ్యాప్తి దోష మున్నదని కొంద రనవచ్చును. కాని పాతపేరున కవ్యాప్తి దోష మంతకంటె బలవత్తరము. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండి వచ్చెను. పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఉత్తరార్కాటునకు చెందినవి. దత్తమన్న మాట యీ రెండవ భాగమునకు పొసగదు. సంధిపత్రము గీచిన హద్దును జనులు కోరుకొన్న పేరు దాటగలిగెను.

నామమాత్రముచే నేమి ఫలమనరాదు. 1937 నవంబరు 16వ తేదీన మదరాసులో శ్రీబాగు ఒడంబడిక జరిగినపుడు రాయలసీమ యొక పక్షముగ నిలిచెను. నదీజలముల వినియోగమున పదేండ్లవరకు ఈ సీమకు ప్రాధాన్య మీయవలెననియు, రాజధాని హైకోర్టులలో నొకదానిని కోరుకొను హక్కు సీమవారిదనియు నందు నిర్ణయింపబడెను. 1800లో కర్మయైనది 1937లో కర్తయయ్యెను. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యగుట దీని ఫలమే. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను.

అయినను ఒక లోపమును మరువరాదు. నంద్యాలలోను శ్రీబాగులోను మాటలాడినవారు ప్రధానముగ విద్యావంతులు, పట్టణవాసులు. కురబలకోట కాపరియు, చెఱువుక్రింది రైతును ఆ సభలందు లేరు. ఆ గ్రామము కడపజిల్లానుండి 1911లో చిత్తూరునకును, 2022లో అన్నమయ్యజిల్లాకును మారెను. ఇవి ప్రభుత్వాజ్ఞలచే కలిగిన మార్పులు. ఏ పరిపాలనావిభాగమునకును చెందని రాయలసీమ యను పేరు మాత్రము జనుల నోట నిలిచియున్నది. ఆజ్ఞాపత్రము లేక నిలిచిన పేరు కావున దీనికి జనసమ్మతియే ప్రమాణము.

సీమ తనపేరు తాను పెట్టుకొన్నది. తన నీటిని, తన చెఱువులను గూర్చిన నిర్ణయములందును పల్లెవారికి కర్తృత్వము సిద్ధించినగాని ఆ నామకరణము సార్థకము కాజాలదు.