గురి చూడని దుర్భిణులు

తుపాకిపై అమర్చిన దుర్భిణికి ఒకటే ప్రయోజనము: దూరమున నున్న లక్ష్యమును కంటికి చేరువ చేయుట. చలనచిత్రములోని కల్పిత ఆయుధముపై మాత్రము దానికి వేరొక పని యున్నది. తెరను చూచు మనకు ఆ ఆయుధమును నమ్మించుటయే ఆ పని.

1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రమును తీసికొందము. జార్జి లూకాస్ దర్శకత్వమున 1976లో ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో దీని చిత్రీకరణ జరిగినది. నక్షత్రలోకపు యుద్ధమునకు కావలసిన తుపాకులన్నిటిని క్రొత్తగా తయారు చేయించుటకు ధనము చాలలేదు. అందుచే సెట్ల అలంకరణ చూచిన రోజర్ క్రిస్టియన్ నిజమైన ఆయుధములనే తెచ్చి రూపు మార్చినారు. తెల్లని కవచములు ధరించిన సైనికుల చేతిలోనిది బ్రిటిషు స్టెర్లింగ్ తుపాకి. మన కాన్పూరు కర్మాగారములో తయారైన కార్బైను కూడ ఆ జాతిదే. దానిపై రెండవ ప్రపంచయుద్ధ కాలపు టాంకుల దుర్భిణిని బిగించినారు. హాన్ సోలో పాత్ర ధరించిన పిస్తోలు 1896లో జర్మనీలో పుట్టిన మౌజరు. దానిపై దుర్భిణియు జర్మనీదే.

ఇంత చేసినను వాటిగుండా గురి చూచిన సన్నివేశములు అరుదు. శిరస్త్రాణములలోనుండి ఆ సైనిక వేషధారులకు చూపే సరిగా ఆనలేదు. తుపాకులనుండి వెలువడినట్లు కనిపించు కాంతిరేఖలను తరువాత చిత్రకారులు ఫిల్ముపై చేర్చినారు. గురి తగులుటయు, తప్పుటయు వారి కుంచెపై ఆధారపడినవి. అయినను ఆ అరిగిన లోహమును చూడగనే, ఇది ఏనాటినుండియో వాడుకలో నున్న ఆయుధమని ప్రేక్షకుడు నమ్మును.

ఆ నమ్మకమునకు మూలము నిజమైన యుద్ధము. చిత్రాంతమున శత్రువుల కోటలోని ఇరుకు కందకము వెంట విమానములు దూసికొనిపోవు ఘట్టము, 1955 నాటి ‘ది డామ్ బస్టర్స్’ అను బ్రిటిషు చిత్రమునకు ఋణపడి యున్నది. 1943 మే నెలలో జర్మనీ ఆనకట్టలపై జరిగిన దాడి ఆ చిత్రమునకు ఇతివృత్తము. ఆ రాత్రి కొందరు వైమానికులు వాడిన గురి సాధనము ఒక కొయ్యముక్క, రెండు మేకులు, కన్ను పెట్టుటకు ఒక రంధ్రము మాత్రమే. ఆనకట్టపై నున్న రెండు బురుజులతో మేకులు సరిపోయిన క్షణమున బాంబు విడువవలెను. దాడికి వెళ్లిన 133 మందిలో 53 మంది మరణించినారు. వరదలో వెయ్యిమందికి పైగా మునిగిపోయినారు. వారిలో నిర్బంధముగా అక్కడ పని చేయింపబడిన విదేశీయులు అనేకులు.

‘స్టార్ వార్స్’ నాయకుడు ల్యూక్ చివరి క్షణమున గురి యంత్రమును ప్రక్కకు త్రోసి, మనసును నమ్మి లక్ష్యమును ఛేదించును. కథలో అది సాధ్యము. కొయ్యముక్కగుండా చూచిన యువకులకు అట్టి వెసులుబాటు లేదు. తమ గురికి ఎవరెవరు బలియగుదురో ఆ చిన్న రంధ్రములో కనబడనూ లేదు. ఆటవస్తువుగా మారిన దుర్భిణిని చూచి ఆనందించు మనము, ఒకప్పుడు దాని వెనుక నున్న కంటిని, ముందు నున్న మనిషిని కూడ తలచుకొనుట న్యాయము.