నీడబొమ్మ నుండి చలనచిత్రము వరకు

గంజాము మండలములో అధికభాగము 1936 ఏప్రిల్ 1వ తేదీన చెన్నరాజధాని నుండి విడివడి, నూతనముగా నేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అందుచేత మన బరంపురము రెండు భాషలకే గాక రెండు విధముల బొమ్మలాటలకును నడుమ నున్నదని చెప్పవచ్చును. దక్షిణమున ఆంధ్రదేశపు తోలుబొమ్మలు పెద్దవి, రంగులు పూసినవి, కీళ్లతో కాలుసేతు లాడించునవి. ఉత్తరమున అంగుల్ జిల్లా ఓడశ గ్రామపు రావణఛాయ బొమ్మలు చిన్నవి, రంగు లేనివి, కీళ్లు లేనివి. ఒకచో తెరపై రంగుల నీడ, మరియొకచో నల్లని నీడ. అయినను రెంటను బొమ్మకు ప్రాణము పోయునది మనుష్యుని చేయియే.

కాగితముపై గీచిన బొమ్మను సైతము మనిషివలె నడిపింపవలెనను కోరికతో అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ అను చిత్రకారుడు రోటోస్కోపు అను సాధనమును కల్పించెను. దానికై 1915లో పేటెంటు కోరగా 1917లో లభించినది. విధానము సులభమే. ముందుగా నిజమైన మనిషిని ఫిల్ముపై చిత్రింతురు. పిదప ఒక్కొక్క ఫ్రేమును గరుకు గాజుపలకపై వెనుకనుండి ప్రసరింపజేసి, దానిపై కాగితముంచి, రూపమును గీతలతో దింపుదురు. ఆ బొమ్మలను మరల వరుసగా ఫోటోలు తీసి నడిపించినచో గీతలే నడచును. ఆయన సోదరుడు డేవ్ విదూషకవేషము ధరించి ఆడగా, ఆ కదలికలపై కోకో అను బొమ్మ పుట్టెను. విధానము సులభమైనను శ్రమ అపారము. సెకనుకు 24 ఫ్రేముల లెక్కను నిమిషమునకు 1,440 ఫ్రేము లగును గదా!

ఇట్టి పనిలోని చిక్కు మాకు కొంత అనుభవమే. ఉద్యోగమున చేరిన క్రొత్తలో గ్రామపటములపై పలుచని కాగితము పరచి నకళ్లు తీయుచుంటిమి. ఒకసారి అసలు పటము దొరకక నకలుకు నకలు తీసితిమి. చెరువుగట్టు వంపు తప్పినది. ఒక రైతు తన పొలము చెరువులో పడినదని గోలపెట్టుచు వచ్చెను. అప్పుడు వృద్ధుడైన అమీను మమ్ము వెంటబెట్టుకొని పోయి ఆ గట్టుమీద నడిపించి, గీతను గాక నేలను చూచి గీయవలెనని బోధించెను.

రోటోస్కోపునకును ఈ నీతియే వర్తించును. ఉన్నది ఉన్నట్లు దింపిన బొమ్మ కదలును గాని జీవము తక్కువ. 1937 నాటి 'స్నో వైట్' చిత్రమునకు డిస్నీవారి చిత్రకారులు మార్జ్ ఛాంపియన్ అను నర్తకి కదలికలను ఆధారముగా గొనిరి గాని, శరీరపు కొలతలను తమ బొమ్మకు తగినట్లు మార్చుకొనిరి. 2017లో వెలువడిన 'లవింగ్ విన్సెంట్' చిత్రమునకు సుమారు 125 మంది చిత్రకారులు, నటులతో తీసిన దృశ్యములను అనుసరించి 65,000 ఫ్రేములను తైలవర్ణములతో చిత్రించిరి.

దీనికి చుట్టమైన పని మన తెలుగునను జరిగినది. కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా సంస్థవారు 1957లో నలుపు తెలుపులలో నిర్మించిన 'మాయాబజార్' చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు కంప్యూటరు సాయమున రంగులు దిద్ది 2010 జనవరి 30న విడుదల చేసిరి. ఇందు క్రొత్త బొమ్మ గీయలేదు. పాత బొమ్మపైననే రంగు నిలిపిరి.

ఒడియా, ఇంగ్లీషులే చదివిన మా మనుమడు ఆ రంగులకు ముచ్చటపడి చిత్రము తుదివరకు చూచెను. అటుపై పింగళి నాగేంద్రరావుగారి మాటలకు అర్థము చెప్పుమని మమ్ము పట్టుకొనెను. రంగులు యంత్రము దిద్దినది. అర్థము మాత్రము మేము చెప్పవలసి వచ్చినది. రెండు మాటలకు మేమును తడుముకొంటిమి. చెరువుగట్టు నాడు మేము చేసిన తప్పు జ్ఞప్తికి వచ్చినది. మనమే నకలుకు నకలుగా తెలుగు మాటాడినచో, పిల్లలకు మిగులునది తప్పిన గీతయే గదా! మరునాడే నిఘంటువును అటకపైనుండి దింపితిమి.