ముగ్గురాయి: కరగని పొడి చరిత్ర

ముగ్గురాయి అంటే సహజంగా దొరికే బేరియం సల్ఫేట్. వ్యాపారంలో బెరైటీస్ అంటారు. తెల్లగానో బూడిదరంగులోనో ఉండే ఈ ఖనిజం నీటికంటే నాలుగున్నర రెట్లు బరువు. లీటరు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు. కడుపులోని ఆమ్లం కూడా దాన్ని దాదాపు ఏమీ చేయలేదు. కరిగే బేరియం లవణాలు విషం. ముగ్గురాయి కరగదు గనుకే విషం కాదు. ఈ పొడితో పనిచేసినవారికి ఆపద వచ్చిందంటే, చాలావరకు దానితో కలిసి ఉన్న మరో పదార్థం వల్లో, దాని బరువు వల్లో వచ్చిందే.

ఈ రాయి మీద ఐరోపాలో ఆసక్తి 17వ శతాబ్దం ఆరంభంలో మొదలైంది. ఇటలీలోని బొలోన్యా నగరంలో విన్చెంజో కాస్కారియోలో అనే చెప్పులు కుట్టే వ్యక్తి రసవాద ప్రయోగాలు కూడా చేసేవాడు. సమీపంలోని కొండమీద దొరికిన బరువైన రాళ్లను అతను బొగ్గుతో కలిపి కాల్చాడు. ఎండలో ఉంచి తెస్తే అవి చీకట్లో వెలిగాయి. కాల్చడంతో బేరియం సల్ఫేట్ కొంత బేరియం సల్ఫైడ్‌గా మారిందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఇందులో కొత్త మూలకం ఉందని 1774లో కార్ల్ షీలే గుర్తించాడు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో బేరియం లోహాన్ని వేరుచేశాడు.

19వ శతాబ్దంలో ముగ్గురాయి పొడి రంగుల పరిశ్రమలోకి చేరింది, అదీ కల్తీ సరుకుగా. ఖరీదైన సీసపు తెలుపులో దీన్ని కలిపి అమ్మేవారు. సగానికి సగం కలిపితే వెనిస్ తెలుపు, రెండు వంతులు కలిపితే హాంబర్గ్ తెలుపు, మూడు వంతులు కలిపితే డచ్ తెలుపు అని పేర్లు కూడా పెట్టారు. కొనుగోలుదారుకు అది మోసమే. అయితే ఆ డబ్బాలో ఉన్నవాటిలో, రంగులు కలిపేవారి ఒంట్లో చేరి ప్రాణం తీసింది సీసం. కల్తీగా వేసిన పొడి కాదు.

వైద్యం ఈ పొడి నిరపాయతనే ఆసరాగా తీసుకుంది. తొలినాళ్లలో ఎక్స్‌రేలో పేగులు కనబడటానికి రోగులకు బిస్మత్ లవణాలు ఇచ్చేవారు. వాటివల్ల విషప్రభావాలు కలిగేవి. 1910లో జర్మనీలో బాఖెమ్, గ్యుంతర్ శుద్ధమైన బేరియం సల్ఫేట్‌ను ప్రవేశపెట్టారు. నేటికీ వాడుకలో ఉన్న బేరియం మీల్ అదే. ఇక్కడ శుద్ధత అన్న మాటకు ప్రాణం విలువ ఉంది. బేరియం కార్బొనేట్ కూడా చూడటానికి ఇలాంటి తెల్లని పొడే. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడిన ఆ పొడి కడుపులోని ఆమ్లంలో ఇట్టే కరుగుతుంది. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే కోసం ఇచ్చిన మందులో ఈ కార్బొనేట్ కలిసి ఉండటంతో పలువురు రోగులు చనిపోయారు. అందుకే బేరియం సమ్మేళనాలను పక్కపక్కన నిల్వచేయకూడదు. బస్తా మీద ‘బేరియం’ అని మాత్రమే రాసి వదిలేయడం అక్షరాలా ప్రాణాంతకం; రసాయనం పూర్తి పేరు ఉండి తీరాలి.

ముగ్గురాయికి అసలు గిరాకీ తెచ్చింది చమురు బావులు. భూగర్భంలోని వాయువు ఒత్తిడితో పైకి ఎగదన్నకుండా బావిలో బరువైన బురదనీరు నింపి ఉంచాలి. 1920లలో అమెరికాలోని లూసియానాలో బి. కె. స్ట్రౌడ్ ఈ పద్ధతిని ముందుకు తెచ్చాడు. మొదట ఇనుప ఆక్సైడ్ వాడి చూశారు. ఆ ఎర్రపొడి ఒంటికీ బట్టలకూ అంటుకునేది. దాని స్థానంలోకి ముగ్గురాయి వచ్చింది. బావి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరిలో పాశర్లపూడి బావి మంటల్లో కోనసీమ కళ్లారా చూసింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ప్రకారం డ్రిల్లింగ్ పొడి సాంద్రత 4.2 ఉండాలి, మంచి సరుకు తరిగిపోవడంతో 2010లో 4.1 రకాన్నీ అనుమతించారు. పొడిలో 97 శాతం 75 మైక్రాన్ల జల్లెడ దాటాలి. రాయిని అంత మెత్తగా నూరితే దుమ్ము తప్పదు.

తెలుగు నేలపై ఈ తవ్వకం పులివెందుల చుట్టుపక్కల, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో సాగింది. అక్కడ వేంపల్లె సున్నపురాళ్లలోనూ నల్లరాతి పొరల్లోనూ ముగ్గురాయి ఈనెలుగా ఉంటుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఎ. ఎల్. కూల్సన్ 1933లో దత్తమండలాల ముగ్గురాయిపై ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు. తర్వాతి కాలంలో రైల్వేకోడూరుకు సమీపాన ఓబులవారిపల్లె మండలం మంగంపేటలోని నిక్షేపం ఆ ఈనెలన్నింటినీ మించిపోయింది. అక్కడ ఉన్నవి ఈనెలు కావు, మందపాటి పొరలు. ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో అదొకటి. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ బహిరంగ గనిలో తవ్వుతోంది. చుట్టూ పొడి మిల్లులు వెలిశాయి.

మిల్లు దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు రెండు భాగాలు. బేరియం సల్ఫేట్ దుమ్ము మాత్రమే ఏళ్ల తరబడి పీల్చినవారి ఎక్స్‌రేలో దట్టమైన తెల్లచుక్కలు కనిపిస్తాయి. దీన్ని బెరిటోసిస్ అంటారు. చూడటానికి భయం పుట్టించినా ఊపిరికి పెద్దగా లోటు రాదు. దుమ్ములో పని మానేశాక ఆ చుక్కలు క్రమంగా పలచబడటాన్ని ఎ. టి. డోయిగ్ 1976లో ప్రచురించిన బ్రిటిష్ అధ్యయనం నమోదు చేసింది. కానీ ఈనె రాళ్లలో ముగ్గురాయికి పలుగురాయి తోడుంటుంది. దాని సిలికా దుమ్ము తెచ్చే సిలికోసిస్ నయం కాదు. ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడిపోతాయి. అమెరికా నిబంధనలు ఈ తేడాను అంకెల్లో చూపుతాయి. ఊపిరితిత్తుల లోపలికి చేరే బేరియం సల్ఫేట్ దుమ్ముకు ఘనపు మీటరు గాలిలో 5 మిల్లీగ్రాముల వరకు పరిమితి. 2016లో సిలికాకు నిర్ణయించినది 0.05. అంటే నూరో వంతు. కాబట్టి మిల్లులోకి వచ్చే రాయిలో పలుగు ఎంత ఉందో పరీక్షించకుండా ‘నిరపాయకరమైన పొడి’ అనడం కార్మికులకు చేసే అన్యాయం. పలుగురాయిని ముందే ఏరివేయడం, తడిపి తవ్వడం, నూరేచోట దుమ్మును గుడ్డ ఫిల్టర్లలోకి లాగేయడం, ఆ తర్వాతే మాస్కు: రక్షణ వరుస ఇదీ. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోని 14వ సెక్షన్ దుమ్మును పుట్టినచోటే పట్టమనేది. చీపురుతో ఊడిస్తే కింద పడిన దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది. వాక్యూమ్‌తో తీయాలి, లేదా తడిపి ఎత్తాలి.

నిల్వలో ఇబ్బంది పెట్టేది బరువు. ఒకే తూకం ఉన్న సిమెంటు బస్తా పక్కన ముగ్గురాయి బస్తా చిన్నదిగా కనిపిస్తుంది. ఆ చిన్నతనం చూసి ఎత్తుగా పేర్చితే అడుగు బస్తాలు పగులుతాయి, వరుస కూలుతుంది, గోదాము నేలపై లెక్కకు మించిన భారం పడుతుంది. హమాలీల నడుములకూ అదే ముప్పు; అధిక బరువులు మోయించరాదని ఫ్యాక్టరీల చట్టంలోని 34వ సెక్షన్ చెప్పేది. చేతితో ఎత్తే సంచుల స్థానంలో క్రేన్లతో లేపే జంబో బ్యాగులు రావడం ఈ విషయంలో పెద్ద మేలు చేసింది. ఈ పొడికి నిప్పు అంటుకోదు, చెడిపోయే గడువు లేదు. తేమ తగిలితే మాత్రం గడ్డకడుతుంది. అందుకని చెక్క పలకల మీద, పైకప్పు కింద ఉంచుతారు. ఆరుబయట తప్పనిసరైతే పట్టా కప్పుతారు. చమురు రిగ్గుల మీద పొడిని నిలువు ట్యాంకుల్లో నింపి, గాలి ఒత్తిడితో గొట్టాల ద్వారా పంపుతారు. చాన్నాళ్లు కదలకుండా ఉన్న పొడి తన బరువుకు తానే బిగుసుకుపోయి గొట్టాలకు అడ్డంపడుతుంది. అప్పుడప్పుడు అడుగునుంచి పొడిగాలి ఊది దాన్ని గుల్లపరచాలి.