స్థితిజశక్తి, కణ నిర్బంధం: 1928 నాటి ఆల్ఫా క్షయ సిద్ధాంతం

సంప్రదాయ యాంత్రిక శాస్త్రంలో నిర్బంధానికి అర్థం స్పష్టం. కణపు మొత్తం శక్తి కంటే స్థితిజశక్తి ఎక్కువగా ఉన్న ప్రదేశంలోకి ఆ కణం ప్రవేశించలేదు. గుంతలోని గోలీకి గట్టు దాటేంత శక్తి లేకపోతే అది ఎంతకాలమైనా లోపలే దొర్లుతుంది. క్వాంటం యాంత్రిక శాస్త్రం ఈ అర్థాన్ని ఎలా మార్చిందో ఆల్ఫా క్షయ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

1926లో ష్రోడింగర్ తన తరంగ సమీకరణాన్ని హైడ్రోజన్ పరమాణువుకు అన్వయించాడు. కేంద్రకపు ఆకర్షణ వల్ల బద్ధమైన ఎలక్ట్రాన్ తరంగం దూరం పెరిగేకొద్దీ క్షీణించి శూన్యం కావాలి. ఈ నియమం వల్లనే దానికి కొన్ని నిర్దిష్ట శక్తులు మాత్రమే సాధ్యమవుతాయి. అయితే సంప్రదాయ శాస్త్రం గీసిన హద్దు దగ్గర తరంగం ఒక్కసారిగా ఆగిపోదు. నిషిద్ధ ప్రదేశంలోకీ కొంత వ్యాపిస్తుంది. ఆ ప్రదేశానికి అవతల స్థితిజశక్తి మళ్లీ తగ్గితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు ఉదాహరణ యురేనియం. దాని నుంచి వెలువడే ఆల్ఫా కణాల శక్తి సుమారు 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్లు. అంతకంటే చాలా ఎక్కువ శక్తితో బయటి నుంచి పంపిన ఆల్ఫా కణాలు సైతం కేంద్రకపు విద్యుత్ వికర్షణను దాటలేక వెనుదిరుగుతున్నట్లు రూథర్‌ఫర్డ్ గమనించాడు. మరి తక్కువ శక్తి గల కణం లోపలి నుంచి ఎలా వస్తోంది?

1928లో గొట్టింగెన్‌లో జార్జ్ గామోవ్, ప్రిన్స్‌టన్‌లో గర్నీ, కాండన్ పరస్పర సంబంధం లేకుండా ఒకే సమాధానానికి చేరుకున్నారు. కణం అవరోధం పైకెక్కదు. దాని తరంగంలో స్వల్పాంశం అవరోధం మందాన్ని దాటి అవతల మిగులుతుంది. ఆ అంశమే కణం బయటపడే సంభావ్యతను నిర్ణయిస్తుంది. అవరోధపు ఎత్తు, మందాలలో కొద్ది మార్పు కూడా ఈ సంభావ్యతను విపరీతంగా మారుస్తుంది. అందువల్లనే 4.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్ల యురేనియం-238 అర్ధాయువు సుమారు 450 కోట్ల సంవత్సరాలు కాగా, 8.8 మిలియన్ల పొలోనియం-212 అర్ధాయువు సెకనులో పదిలక్షో వంతు కూడా లేదు. గైగర్, నటాల్ 1911లో ప్రయోగాల ద్వారా గుర్తించిన సంబంధానికి ఈ విధంగా సైద్ధాంతిక ఆధారం లభించింది.

ఈ ప్రక్రియను తెలుగులో చెప్పేటప్పుడు ‘సొరంగం’ అనే పదాన్ని జాగ్రత్తగా వాడాలి. ఇక్కడ అవరోధానికి రంధ్రం పడదు. కణం శక్తిని కోల్పోదు. పరిమిత మందం గల అవరోధం కణాన్ని శాశ్వతంగా బంధించదు, అది బయటపడడానికి పట్టే కాలాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. కాబట్టి క్వాంటం సందర్భంలో ‘నిర్బంధం’ అన్నప్పుడు అవరోధపు ఎత్తుతో పాటు దాని మందాన్ని, వ్యవధిని కూడా చెప్పడం అవసరం.