హెడ్‌లైట్ వైర్‌కి తగిలించిన బరువు: బైక్ ఫెయిరింగ్‌లోకి మీటర్లు ఎలా వచ్చాయి?

ఈ ఎపిసోడ్ ఒక చీకటితో మొదలుపెడతా.

రెండేళ్ల కింద విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నా. సూర్యాపేట దాటేసరికి రాత్రి పదకొండు అయింది. నా బైక్‌కి అప్పుడే కొత్తగా ఫెయిరింగ్ బిగించుకున్నా. ఫెయిరింగ్ అంటే తెలుసుగా, బండి ముందు భాగంలో గాలి మన ఛాతీకి కొట్టకుండా ఉండే తొడుగు. దానిలో రెండు ఫాగ్ లైట్లు, ఒక ఫోన్ ఛార్జర్, ఒక డిజిటల్ గడియారం. చూడ్డానికి విమానం కాక్‌పిట్‌లా ఉందని నేనే పది ఫోటోలు తీసుకున్నా. ఎనభై స్పీడ్‌లో ఉండగా ఒక్కసారిగా ముందు లైట్లన్నీ ఆరిపోయాయి. ఇంజన్ నడుస్తోంది, రోడ్డు మాత్రం కనపడట్లేదు. వెనక లారీ హారన్. ఆ మూడు నాలుగు సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఎలాగో పక్కకి ఆపి, ఫోన్ టార్చ్ వేసి, తొడుగు విప్పి చూస్తే హెడ్‌లైట్ కనెక్టర్ మైనంలా కరిగిపోయి ఉంది. బిగించిన షాపులో అన్నిటికీ కరెంట్ ఆ ఒక్క హెడ్‌లైట్ వైర్ నుంచే తీసి టేపు చుట్టేశారు. ఫ్యూజ్ మాత్రం చెక్కు చెదరలేదు! నాకు ఎక్కువ సిగ్గనిపించింది అక్కడే. బీటెక్ చదివినోణ్ణి, ఓమ్స్ లా పరీక్షలో రాసినోణ్ణి, అది నా బైక్‌లో కూడా పనిచేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత దీని గురించి చదవడం మొదలుపెడితే, ఇది నా ఒక్కడి సమస్య కాదని అర్థమైంది. బైకులు పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్క ఇది.

మొదట్లో బైక్ లైట్లకి అసలు కరెంటే లేదు. కార్బైడ్ దీపాలు వాడేవాళ్లు. మామిడికాయల్ని దొంగగా మగ్గబెట్టడానికి వాడతారే, అదే కాల్షియం కార్బైడ్. దాని మీద నీళ్లు చుక్కచుక్కగా పడితే ఎసిటిలీన్ గ్యాస్ వస్తుంది, దాన్ని అగ్గిపుల్లతో వెలిగించాలి. తర్వాత ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కి చెందిన లూకస్ లాంటి కంపెనీల డైనమోలు వచ్చాయి. 6 వోల్టులు. లూకస్ వాళ్ల పేరున్న బైక్ డైనమో ఒకటి 60 వాట్లది. మీ ల్యాప్‌టాప్ ఛార్జర్ అంత అనుకోండి. దాంతోనే హెడ్‌లైట్, టెయిల్ లైట్, హారన్, బ్యాటరీ ఛార్జింగ్. అందుకే లూకస్‌ని పాత రైడర్లు చీకటి రాజు అని ఎగతాళి చేసేవాళ్లు. పాపం, తప్పంతా వాళ్లది కాదు, ఉన్నదే పిసరంత కరెంట్.

ఆదాయం తక్కువున్న ఇంట్లో ఖర్చు పుస్తకం తప్పదు కదా. బైక్‌లో ఆ పుస్తకమే ఆంప్ మీటర్. మీ నాన్నగారిదో మామయ్యదో పాత బుల్లెట్ ఉంటే వెళ్లి చూడండి. హెడ్‌లైట్ పైన, స్పీడోమీటర్ పక్కన చిన్న గుండ్రటి మీటర్. మధ్యలో సున్నా. ముల్లు ఒకవైపు వాలితే బ్యాటరీలోకి కరెంట్ వస్తోంది, రెండోవైపు వాలితే పోతోంది. హెడ్‌లైట్, మీటర్లు, పక్కన ఆ రెండు టైగర్ లైట్లు, అన్నీ ఒకే లోహపు మూతలో పెట్టే డిజైన్‌ని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1954లో ఇంగ్లండ్‌లో తెచ్చింది. 1955లో మద్రాస్‌లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ మూతపడ్డా, ఆ మూత, ఆ ముల్లు మన రోడ్ల మీద దశాబ్దాలు బతికాయి.

ఇప్పుడు ఒక్క టెక్నికల్ విషయం, ఓపిక పట్టండి. ఆంప్ మీటర్ కరెంట్‌ని కొలవాలంటే ఆ కరెంట్ మొత్తం దానిలోంచే పోవాలి. అంటే బ్యాటరీ నుంచి లావు వైరు ముందుకి రావాలి, మీటర్ గుండా పోయి మళ్లీ వెనక్కి వెళ్లాలి. మీటర్ వెనక ఒక్క నట్టు లూజైతే బండి మొత్తం చచ్చినట్టే. 60 వాట్లకి పర్లేదు. మరి వాట్లు పెరిగితే?

పెరిగాయి. దానికి అమెరికా వెళ్లాలి. అక్కడ ఇల్లినాయ్ రాష్ట్రంలో క్రెయిగ్ వెటర్ అనే డిజైనర్ 1971లో విండ్‌జామర్ అనే ఫెయిరింగ్ తెచ్చాడు. అంతకుముందు పెద్ద తొడుగులు ఎక్కువగా రేసుల్లోనో పోలీస్ బండ్లకో కనపడేవి. వెటర్‌ది మామూలు మనిషి దూరప్రయాణానికి. బ్రాకెట్ మారిస్తే చాలా కంపెనీల బైకులకి సరిపోతుంది, సొంత హెడ్‌లైట్ దానిలోనే ఉంటుంది. ముఖ్యంగా అది హ్యాండిల్‌కి కాదు, ఛాసిస్‌కి బిగుస్తుంది. హ్యాండిల్ తిప్పినా హెడ్‌లైట్ తిరగదు. ఇది వైరింగ్‌కి మంచిదే, ఎందుకంటే హెడ్‌లైట్ వైర్లు మెడ దగ్గర వేలసార్లు వంగి తెగే బాధ తప్పింది.

కానీ కొత్త బాధ ఒకటి వచ్చింది, ఎవరికీ కనపడనిది. ఎర్త్. బుల్లెట్ మూత లోహం కాబట్టి, దానికి తగిలించిన బల్బు కరెంట్ మూత గుండా, ఫోర్క్ గుండా, ఛాసిస్ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లిపోతుంది. ఒక్క వైరు వేస్తే చాలు, రెండో వైరు బండే! ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ తొడుగులో కరెంట్ పారదు. అక్కడ పెట్టే ప్రతి గడియారానికీ, ప్రతి లైటుకీ తిరుగు దారి విడిగా వేయాలి. లోహపు మూతలకి అలవాటుపడిన చేతులు ప్లాస్టిక్‌లో పనిచేస్తే ఏమవుతుందో ఊహించండి. లైటు మిణుకుమిణుకుమంటుంది, ఇండికేటర్ వేస్తే గడియారం ఆరిపోతుంది. పైగా అప్పటి చాలా బ్రిటిష్ బైకుల్లో పాజిటివే ఎర్త్. నెగటివ్ ఎర్త్ రేడియో తెచ్చి దాని లోహపు పెట్టెని ఛాసిస్‌కి బిగించి కనెక్ట్ చేస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే.

1973 చివర్లో జర్మనీ నుంచి బీఎండబ్ల్యూ ఆర్90ఎస్ వచ్చింది. హ్యాన్స్ ముత్ డిజైన్, పొగ రంగు పెయింట్, హెడ్‌లైట్ చుట్టూ చిన్న ఫెయిరింగ్. నా దృష్టిలో మాత్రం అసలు విషయం ఆ ఫెయిరింగ్ లోపలుంది. రైడర్ కళ్ల ముందు రెండు గుండ్రటి మీటర్లు. ఒకటి గడియారం, రెండోది వోల్ట్ మీటర్. ఆంప్ మీటర్ కాదు, గమనించండి. వోల్ట్ మీటర్‌కి కరెంట్ మొత్తం దాని గుండా పోనక్కర్లేదు, వెంట్రుకలాంటి వైరు చాలు. అది చెడిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ నుంచి అంత దూరాన, ప్లాస్టిక్ తొడుగులో పెట్టడానికి అంతకన్నా సరైన మీటర్ ఇంకోటి లేదు. 1976లో ఆర్100ఆర్‌ఎస్‌కి పూర్తి ఫెయిరింగ్ ఇచ్చినప్పుడు కూడా ఆ జంటని వదల్లేదు. అంకెలు కూడా సులువే. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉంటే ఆదాయం ఉన్నట్టు, 12.5 కిందకి జారుతుంటే అప్పు చేసి బతుకుతున్నట్టు.

హోండా గోల్డ్ వింగ్ 1974లో కనపడినప్పుడు దాని ఆల్టర్నేటర్ 300 వాట్లు. ఫెయిరింగ్ లేదు. జనాలే విండ్‌జామర్ కొని బిగించుకుని, దానిలో రేడియోలు, లైట్లు నింపారు. అది చూసి హోండా 1980లో ఇంటర్‌స్టేట్ పేరుతో ఫెయిరింగ్‌ని ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మింది. షెడ్లో రైడర్ చేసిన ప్రయోగాన్ని కంపెనీ కాపీ కొట్టిందన్నమాట. ఇలాంటివంటే నాకు భలే ఇష్టం.

సరే, నా కరిగిన కనెక్టర్ దగ్గరికి వద్దాం. హెడ్‌లైట్‌కి దాదాపు 5 ఆంపియర్లు. రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లకి ఇంకో 9. మొత్తం 14. వైరులో వేడి కరెంట్ వర్గంతో పెరుగుతుంది, అంటే 5 నుంచి 14కి వెళ్తే వేడి దాదాపు ఎనిమిది రెట్లు. మెయిన్ ఫ్యూజ్ ఏమో 20 ఆంపియర్లది. 14కి అది ఎందుకు కాలుతుంది? ఫ్యూజ్ కాపాడేది వైరుని, అది కూడా వైరుకి తగ్గ ఫ్యూజ్ వేస్తేనే. వైరు మందం గురించి ఇంకో తమాషా. అమెరికా లెక్క 1857 నాటిది. దానిలో నంబర్ పెరిగితే వైరు సన్నబడుతుంది, ఎందుకంటే తీగని సన్నటి రంధ్రాల గుండా ఎన్నిసార్లు లాగితే అంత పెద్ద నంబర్. 18 గేజ్ అంటే 14 గేజ్ కన్నా లావు అనుకుని ఆన్‌లైన్‌లో కొన్నవాణ్ణి నేనొకణ్ణి ఉన్నా.

దీనికి మందు కూడా పాతదే, రిలే. 1830లలోనే జోసెఫ్ హెన్రీ చేతిలో పుట్టి, టెలిగ్రాఫ్‌లో పెరిగింది. దూరం నుంచి నీరసంగా వచ్చిన కరెంట్ ఒక స్విచ్‌ని నొక్కితే, అక్కడున్న బ్యాటరీ తాజా కరెంట్ ఇస్తుంది. రిలే అనే మాట దారిలో అలసిన గుర్రాన్ని మార్చడం నుంచి వచ్చింది. ఫాగ్ లైట్లకి కావాల్సింది అచ్చం ఇదే. హెడ్‌లైట్ వైరు స్విచ్‌ని నొక్కితే చాలు, బరువు మొత్తం బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లావు వైరు మోస్తుంది.

కొత్త బైకుల్లో ఈ జుగాడ్ కష్టం. బీఎండబ్ల్యూ 2004లో ఆర్1200జీఎస్‌లో మామూలు ఫ్యూజుల్ని తీసేసి కంప్యూటర్‌కి కాపలా అప్పగించింది. తేడా కనపడితే అదే ఆ లైన్ కట్ చేస్తుంది. మన దగ్గరేమో 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న రూల్ వచ్చింది. భద్రతకి మంచిదే, కానీ పగలు యాక్సెసరీలకి మిగిలే వాట్లు ఆ మేరకి తగ్గాయి. ఫాగ్ లైట్లు అమ్మేవాళ్లెవరూ ఈ మాట చెప్పరు.

నేను మొత్తం పీకేసి మళ్లీ వేశా. రెండు ఆదివారాలు పట్టింది. బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్, ఒక రిలే, ప్రతి దానికీ సొంత ఎర్త్ వైరు. గడియారం ఉన్నచోట చిన్న వోల్ట్ మీటర్. మొన్న రాత్రి ట్యాంక్‌బండ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూశా: ఫాగ్ లైట్లు ఆన్, బ్రేక్ లైట్ ఆన్, ఐడిల్‌లో 12.1. ఫాగ్ లైట్లు ఆపేశా. ముల్లు లేదు, అంకెలే, కానీ మెల్లగా పైకెక్కాయి. 12.8, 13.2. గ్రీన్ పడింది.