పుస్తకంలో మన అవ్వ పేరేంటి?

ఒకసారి హాస్టల్ పిల్లలకు ‘ది చెంచూస్’ అనే పాత పుస్తకం జిరాక్సు కాపీ చూపించాం. 1943లో లండన్‌లోని మాక్‌మిలన్ కంపెనీ అచ్చువేసిన పుస్తకం అది. అందులోని ఇంగ్లీషు జోలికి ఎవరూ పోలేదు, అందరూ ఫొటోల మీద పడ్డారు. ఆరో తరగతి పాప ఒకతి ఒక ఫొటో మీద వేలు పెట్టి, "ఈ అవ్వ పేరేంటి మేడమ్?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

మన గురించి అచ్చులో మొదట రాసింది మనవాళ్ళు కాదు. 1909లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం నుంచి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వచ్చాయి. రాసినది మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, ఆయనకు సహాయకుడు కె. రంగాచారి. థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచి అంకెలు రాసుకునేవాడు. తెగలను ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్చాడు. చెంచులు ‘సి’లో, కోయలు ‘కె’లో. ఎవరికి ఎవరు పొరుగో, ఎవరి జాతరకు ఎవరు వస్తారో ఆ వరసలో కనబడదు.

హైమన్‌డార్ఫ్ పద్ధతి వేరు. వియన్నాలో పుట్టిన ఆయన యుద్ధకాలంలో శత్రుదేశస్థుడి కింద లెక్క కాబట్టి, హైదరాబాద్ రాజ్యం దాటి వెళ్ళనివ్వలేదు. ఆ నిర్బంధమే మనకు మూడు పుస్తకాలు ఇచ్చిందనాలి. చెంచుల తర్వాత 1945లో పాపికొండల కొండరెడ్ల మీద, 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద రాశాడు. భార్య బెట్టీతో కలిసి మన ఊళ్ళలో ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాక గానీ నిజాం ప్రభుత్వానికి మన భూముల గోడు వినబడలేదు. హైమన్‌డార్ఫ్ నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చయ్యాయి. షావుకార్లు భూమి ఎలా లాక్కున్నారో, అడవి రిజర్వు చేసి ఊళ్ళను ఎలా ఖాళీ చేయించారో అందులో ఉంది. ఆ తర్వాత 1356 ఫస్లీ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది, గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. ఇవే మాటలు మన పెద్దలు ఎన్నాళ్ళ నుంచో చెబుతూనే ఉన్నారు. కాగితం మీదికి ఎక్కాకే ఆఫీసులో వాటికి విలువ వచ్చింది. ఈ మాట రాయడం మాకు బాధగానే ఉంది.

ఇంకో చిక్కుంది. పర్ధాను కిక్రి వాయిస్తూ చెప్పే కథ ఊరిని బట్టి, చెప్పేవాడిని బట్టి కొంచెం మారుతుంది. అచ్చులోకి వచ్చాక ఒక రూపమే నిలిచింది, అదీ ఇంగ్లీషులో. ఇప్పుడు మన కుర్రాళ్ళే తాత చెప్పింది విని, "పుస్తకంలో అలా లేదు" అంటున్నారు. ఆ పుస్తకానికి కథ చెప్పిందీ ఒక తాతే కదా!

1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలూ తయారుచేశారు. లండన్ పుస్తకాలు లైబ్రరీ అద్దాల బీరువాల్లో భద్రంగా ఉంటాయి. పిల్లల చేతుల్లో నలిగే వాచకాలకు ఆ భద్రత ఎక్కడిది? మాకైతే ఆ వాచకాలే ఎక్కువ విలువైనవిగా అనిపిస్తాయి. మీ ఇంట్లో అటక మీదో ట్రంకు పెట్టెలోనో అలాంటిది చినిగిపోయినది కనబడినా పొయ్యిలో వేయకండి. ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసి సంఘానికి పంపండి.

కొండరెడ్ల పుస్తకంలోని గోదావరి ఒడ్డు కొంత ఇప్పుడు పోలవరం ముంపులో ఉంది. ఊళ్ళు కదిలిపోతే ఆ ఫొటోల్లోని మనుషులను గుర్తుపట్టేవాళ్ళు కూడా చెదిరిపోతారు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు పాత ఫొటోల ప్రింట్లు పట్టుకెళ్ళండి. ఎనభై దాటిన అవ్వలకు, తాతలకు చూపించండి. ఎవరినైనా గుర్తుపడితే పేరు, ఇంటిపేరు, ఊరు, చెప్పినవారి పేరు ప్రింటు వెనుక పెన్సిల్‌తో రాయండి. మా పాప అడిగిన అవ్వ పేరు ఇంకా దొరకలేదు.